చిన్నోడి జేబులో రబ్బరు ముక్క

రాత్రి పదకొండున్నర. మిషన్లో బట్టలు వేసే ముందు జేబులు తడమడం నా అలవాటు. చిన్నోడి నిక్కరు జేబులో ఒక ఆకుపచ్చ రబ్బరు ముక్క దొరికింది. బొటనవేలంత ఉంది. పైన పొలుసుల గీతలు, రంగు వెలిసి బూడిద తేలింది. వెనకవైపు మాత్రం పల్చటి స్పాంజి పొర అంటుకుని ఉంది, దుమ్ము లేకుండా, శుభ్రంగా. అదే నన్ను పడుకోనివ్వడం లేదు. కింద రాలి పడిన ముక్కయితే మట్టి అంటి ఉండేది. ఇది ఇవ్వాళే ఊడింది, అదీ ఎవరో పీకితేనే.

సాయంత్రం డైనోసార్ బొమ్మల పార్కు నుంచి వస్తూ కార్లో ఎంత మాట్లాడానో గుర్తొస్తే ముఖం వేడెక్కుతోంది. బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర నలభై నిమిషాలు బండి కదల్లేదు. అంతసేపూ నాదొకటే పాట. జనానికి బుద్ధి లేదు, కనబడిందల్లా గీకుతారు, పీకుతారు, సందు దొరికితే చెత్త కుక్కుతారు, పిల్లలకు చెప్పేవాళ్ళు లేరు అని. మా ఆయన ఊఁ కొడుతూ కూర్చున్నాడు. "పోనియ్యే, పిల్లలు ఆడుకునే జాగ" అంది అత్తమ్మ. ఆమె మీద కూడా విసుక్కున్నాను. చిన్నోడు కిటికీకి తల ఆనించుకుని బయటికి చూస్తున్నాడు. నిద్రొస్తోందేమో అనుకున్నాను.

పార్కు పేరు రాయను. నెల రోజులుగా వాడు అడుగుతున్నది నీళ్ళాటల కోసం కాదు, వెనకాల వెదురు పొదల మధ్య ఉన్న డైనోసార్ల బాట కోసం. మొత్తం తొమ్మిది ఉన్నాయి. కదిలేవి నాలుగు.

మొదటిది టి-రెక్స్. మనిషి దగ్గరికి రాగానే సెన్సర్ పసిగట్టి, అది నోరు తెరిచి అరవాలి. అరుపైతే వచ్చింది, పొదలో పెట్టిన స్పీకర్లోంచి. నోరు మాత్రం తెరుచుకోలేదు. కింది దవడ ఒక పక్కకు వేలాడుతూ అట్లాగే ఉంది. తల కొంచెం ఎడమకు తిరిగి, టక్కుమని ఆగి, మళ్ళీ మొదటికి వచ్చింది. లోపల గేరు పళ్ళు పట్టు దొరక్క జారుతున్నాయి. సింగరేణి గనిలో మిషన్లు బాగుచేసే ఫిట్టర్ బిడ్డను కదా, నాకు ఆ స్పీకర్ అరుపు కంటే ఈ చప్పుడే గట్టిగా వినబడింది. చిన్నప్పుడు మా ఇంట్లో సీలింగ్ ఫ్యాను ఏ మాత్రం గొణిగినా బాపు అన్నం ముందు నుంచి లేచేవాడు. అట్లాంటి ఇంట్లో పెరిగి ఆ చప్పుడు విని ఊరుకోవడం నా వల్ల కాదు.

దాని పక్కన స్టెగోసారస్. బోర్డు మీద రెండూ కొట్లాడుకుంటున్న బొమ్మ వేశారు. స్టెగోసారస్ 15 కోట్ల ఏళ్ళ కిందటిది. టి-రెక్స్ అంతరించింది 6.6 కోట్ల ఏళ్ళ కింద. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఎడం, టి-రెక్స్‌కూ మన చిన్నోడికీ మధ్య ఉన్న ఎడం కంటే ఎక్కువ. ఒక్క బోర్డు మార్చడానికి ఎంత ఖర్చవుతుంది? పిల్లలు ఆ బొమ్మ చూసి అదే నిజమనుకుని ఇంటికి పోతారు. తొమ్మిదింటిలో మన దేశానిది ఒక్కటీ లేదు. నర్మద దగ్గర దొరికిన రాజాసారస్ లేదు. మా వేమనపల్లి దిక్కు దొరికిన కోటాసారస్ లేనే లేదు.

అసలు కోపం ట్రైసెరటాప్స్ దగ్గర వచ్చింది. దాని భుజం మీద తోలు జానెడు మేర చీలింది. లోపలి స్పాంజి ఎండకు మాగి బెల్లం రంగుకు తిరిగింది. ఆ చీలికలో ఎవరో ఖాళీ చిప్స్ ప్యాకెట్ మడిచి కుక్కారు. సగం బయటికి కనబడుతోంది. రెయిలింగ్ మీదుగా వంగి దాన్ని లాగుదామని చెయ్యి చాచాను. విజిల్! "ముట్టబేడి మేడమ్, ముట్టబేడి!" అని, ముట్టుకోవద్దని కన్నడంలో అరుస్తూ సెక్యూరిటీ ఆయన పరిగెత్తుకొచ్చాడు. అందరూ తిరిగి నన్నే చూశారు. చెత్త తీస్తున్నానండీ అని చెప్పబోతే ఆ కంగారులో నోట మాట తిరగలేదు. కుక్కినవాడిని ఎవరూ ఆపలేదు, తీసేదాన్ని ఆపారు. ప్యాకెట్ అక్కడే ఉంది. ఇప్పుడు కూడా అక్కడే ఉంటుంది.

ఇవన్నీ పీకి పడేయాలి అనిపించింది అప్పుడు. నోరు తెరవని అరుపులు, వేలాడే దవడలు పిల్లలకు చూపించే బదులు, నాలుగు నిజమైన ఎముకలు చూపించడం మేలని. అట్లా అనుకోగానే 2001 వేసవి గుర్తొచ్చింది.

నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ పెట్టారని బాపుకు గనిలో ఎవరో చెప్పారు. అదీ మన వేమనపల్లి దిక్కు యామన్‌పల్లి దగ్గర దొరికిందట. ఇక బాపు ఆగలేదు. ఒక రోజు మస్టర్, అంటే గనిలో ఆ రోజు హాజరు, పోగొట్టుకుని, నన్ను ఒక్కదాన్నే తీసుకుని మంచిర్యాలలో భాగ్యనగర్ రైలు ఎక్కాడు. అమ్మ కట్టిచ్చిన పులిహోర పెద్దపల్లి రాకముందే తినేశాం. దారంతా బాపు చెబుతూనే ఉన్నాడు. "మనూరిది బిడ్డా. మన నేల మీద తిరిగింది. పట్నపోళ్ళు టికెట్ కొని చూస్తున్నరు." నాకు అర్థమైంది ఒక్కటే, అది మనూరిది కాబట్టి నన్ను గుర్తుపడుతుందని. పక్కింటి వాళ్ళ టీవీలో డైనోసార్లు పరిగెత్తడం చూశాను. ఇది కూడా తోక ఊపుతుందని, అరుస్తుందని, దగ్గరికి పోతే తల వంచుతుందని సికింద్రాబాద్ చేరేదాకా లెక్కలు వేసుకున్నాను.

నౌబత్ పహాడ్ ఎక్కి లోపలికి పోతే ఎముకలు! గోధుమరంగు ఎముకలు, ఇనుప కడ్డీల మీద నిలబెట్టినవి. నేను చాలాసేపు ఓపిగ్గా నిలబడ్డాను. తరవాత అడిగాను, "బాపూ, ఎప్పుడు కదుల్తది?" అని. బాపు ముఖం చూడాల్సింది. "అది కదలది బిడ్డా, చచ్చి కోట్ల ఏండ్లాయె" అన్నాడు మెల్లగా. తోలేది, కండ్లేవి అని అక్కడే కూర్చుని ఏడ్చాను. నన్ను ఊరుకోబెట్టడానికి బాపు తెలిసిందల్లా చెప్పాడు. 12 జంతువుల ఎముకలు కలిసి దొరికాయని, తల మాత్రం దొరకలేదని, తలలో రెండు పళ్ళే దొరికాయని. అది విని నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. తల కూడా అబద్ధమేనా అని. చివరికి ఒక మాటన్నాడు, "మా బొగ్గు ముందల ఇది చిన్న పోరడు బిడ్డా" అని. నవ్వుతాననుకున్నాడు పాపం. నవ్వలేదు. తిరుగు రైలంతా మాట్లాడలేదు.

ఆ మాట ఎంత నిజమో ఇంజనీరింగ్‌లో గానీ తెలియలేదు నాకు. సింగరేణి బొగ్గు పెర్మియన్ కాలంది, 25 కోట్ల ఏళ్ళు దాటింది. కోటాసారస్ జురాసిక్‌ది, 20 కోట్ల ఏళ్ళ లోపుది. ఆ జంతువు పుట్టేనాటికే బాపు మిషన్లు తవ్విన బొగ్గు నేల కింద ముసలిదైపోయింది. ఎనిమిదేళ్ళ పిల్లకు అంతకంటే గొప్ప సంగతి ఎవరు చెప్పగలరు? నేను వినలేదు. మస్టర్ పోగొట్టుకుని తీసుకెళ్ళిన మనిషిని రైల్లో ఆరు గంటలు మౌనంగా కూర్చోబెట్టాను.

మరి ఇవాళ చిన్నోడు? మూడో బొమ్మ కనురెప్ప ఒకటి పనిచేస్తుంది. అది ఒకసారి ఆర్పి తెరిచింది. "అమ్మా, నన్ను చూసింది" అన్నాడు, ఊపిరి బిగబట్టి. రెండు చేతులూ జోడించి దానికి దండం పెట్టాడు. చిరుగులు వాడికి కనబడలేదు. గేరు చప్పుడు వినబడలేదు. అయినా నేను అప్పటికీ ప్యాకెట్ మీదే ఉన్నాను.

బాట చివర తోక గద ఉన్న బొమ్మ ఒకటి, దాని పొట్ట కింద తోలు తెరిచి ఒక పిల్లగాడు స్పానర్‌తో పనిచేస్తున్నాడు. మా తెలుగు విని తల బయటపెట్టాడు. "ఏ ఊరక్కా మీది?" వాళ్ళది కోలారు దిక్కు ముళబాగిలు. లోపల చూపించాడు. ఇనుప గొట్టాల అస్థిపంజరం, కీలుకు ఒకటి చొప్పున కార్ల వైపర్‌లకు వాడే రకం మోటార్లు, చుట్టూ మందపాటి స్పాంజి, దాని మీద బట్ట వేసి పూసిన సిలికాన్ తోలు. సరుకంతా చైనాది. చైనాలో జిగాంగ్ అనే ఊరు ఉంది, ప్రపంచంలో ఇట్లాంటి బొమ్మలు చాలావరకు అక్కడ తయారయ్యేవే. అక్కడా డైనోసార్ ఎముకలు దొరికాయి. దొరికిన చోటే 1987లో మ్యూజియం తెరిచారు. అక్కడి దీపాల పండక్కి బొమ్మలు కట్టే చేతులు డైనోసార్లు కట్టడం నేర్చుకున్నాయి. మాకూ ఎముకలు దొరికాయి కదా అని అక్కడే నిలబడి అనుకున్నాను. ప్రాణహితకు అవతల సిరోంచ దిక్కు తవ్విన ఇంకో డైనోసార్, బారపాసారస్, కోల్‌కతా పోయింది, ఠాగూర్ పేరు పెట్టుకుంది. ఇవతలి కోటాసారస్ హైదరాబాద్ పోయింది. ఎముకలు దొరికిన నేల మీది పిల్లలు రైలెక్కి పోయి చూడాలి. ఇది నా పాత కోపం.

ఆ పిల్లగాడి మాటలు మాత్రం నా నోరు మూయించాయి. "వాన పడితే స్పాంజి నీళ్ళు తాగేస్తుందక్కా. తల బరువెక్కి మోటారు కాలిపోతుంది. కొత్త మోటార్లు అడిగితే చూద్దామంటారు. అయిదింటిని ఆపి వాటి సామాన్లు తీసినా, అందుకే నాలుగు ఆడతా ఉండాయి." తోలుకు అతుకులు కూడా అతనే వేస్తాడట, ట్యూబు సిలికాన్‌లో రంగు కలిపి, పాత నూలు గుడ్డ కింద పెట్టి. ఆ బొమ్మ వీపు మీద అతుకులు చూపించాడు. చెబితే తప్ప తెలియవు. నేను పీకి పడేయాలనుకున్న వాటిని ఒక మనిషి ఒక దాని ప్రాణం ఇంకోదానికి పోసి నిలబెడుతున్నాడు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. మోటారు కొనని వాళ్ళ మీద ఉంది, అది పోలేదు. ఆ బొమ్మల మీదే పోయింది.

"అన్నిటికంటే పెచ్చులతోనే కష్టమక్కా" అన్నాడు. "ఎండకు తోలు గట్టిపడి పెచ్చు లేస్తుంది. పిల్లోళ్ళు దాన్ని పీకుతారు. వేలెడంత ఊడినా చాలు, అక్కడినుంచి నీళ్ళు లోపలికి పోతాయి."

చిన్నోడు అప్పటిదాకా పట్టుకున్న నా చెయ్యి వదిలేసి, రెండు చేతులూ జేబులో పెట్టుకున్నాడు. చలేస్తోందేమో అనుకున్నాను. ట్రైసెరటాప్స్ భుజంలో ప్యాకెట్ ఉందని ఆ పిల్లగాడికి చెప్పడం కూడా మర్చిపోయాను.

తొమ్మిదింటికి బాపుకు ఫోన్ చేశాను. అంతా విని, "గేరుకు గ్రీజు పెడ్తున్నరా లేదా?" అని మొదట అడిగాడు. తరవాత, "పోరడు ఏడ్వలేదు కదా?" అన్నాడు. ఏడ్వలేదు బాపూ, దండం పెట్టాడు అన్నాను. చాలాసేపు నవ్వాడు. అప్పటికి ఈ ముక్క నాకు దొరకలేదు.

వాణ్ణి తిట్టాలనే అనుకున్నాను మొదట. తిట్టలేననిపిస్తోంది. నేను ఏడ్చి వచ్చేశాను, వాడు ఒక ముక్క తెచ్చుకున్నాడు. కానీ ఊరుకోలేను కూడా. ఆ ముక్క ఊడిన చోట ఇప్పుడు వేలెడు సందు ఉంది. వెనక బాల్కనీ రేకు మీద చినుకులు పడుతున్నాయి. ఆ ముళబాగిలు పిల్లగాడికి చెప్పాలంటే అది ఏ బొమ్మదో నాకు తెలియాలి, ఫోన్ నంబర్ కూడా తీసుకోలేదు. పార్కు నంబరు టికెట్ వెనక ఉంది.

ముక్కను పోపుల డబ్బా పక్కన గిన్నెలో పెట్టాను. స్కూలు బస్సు ఏడున్నరకు. లేపగానే అడుగుతాను, ఏ బొమ్మదిరా ఇది, ఎక్కడ పీకావు అని.