మూలకాల పెట్టె: నిలువు వరసల లెక్కన ఎంతవరకు వచ్చింది

ఆవర్తన పట్టికని అసలు మూలకాలతో నింపే పనిలో నిండిన గడులు ఇప్పుడు ఖాళీ గడుల్ని దాటాయి. ఎక్కడిదాకా వచ్చిందో రాసి పెట్టుకుంటున్నాను. ఇలాంటిది మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

ముందు ట్రే సంగతి. వడ్రంగితో చేయించిన ప్లైవుడ్ ట్రే ఇది. 18 నిలువు వరసలు, 7 అడ్డ వరసలు, అడుగున లాంథనైడ్లకి (పట్టిక కింద వేరుగా చూపించే మూలకాల వరసకి) విడిగా ఒక పట్టీ. ఒక్కో గడి 5 సెంటీమీటర్లు, అందులో 10 మి.లీ. గాజు సీసా హాయిగా కూర్చుంటుంది. మొత్తం వెడల్పు 90 సెంటీమీటర్లు దాటడంతో మంచం కింద తప్ప ఇంకెక్కడా పట్టడం లేదు.

దొరికింది దొరికినట్టు పెట్టేయకుండా ఒక్కో గ్రూపునీ, అంటే ఒక్కో నిలువు వరసనీ, పైనుంచి కిందికి నింపుకుంటూ వస్తున్నాను. గ్రూపు గుణం ఏమిటో సంపాదించేటప్పుడు కంటే దాచేటప్పుడే బాగా తెలుస్తోంది. ఏ వరసకి ఎలాంటి మూత, ఏ నూనె, పక్కన ఏది ఉండకూడదు అన్నది ఆ వరసే చెబుతుంది.

గ్రూపు 1, గ్రూపు 2

గ్రూపు 1లోని క్షార లోహాలకి బయటి కక్ష్యలో ఒకటే ఎలక్ట్రాన్, అది తేలిగ్గా పోతుంది అని బడిలో చదువుకున్నాం. పెట్టె కట్టేవాడికి దీని అర్థం, ఈ వరసలో ఏ లోహమూ గాలిలో నిలవదని. సోడియాన్ని కిరోసిన్‌లో ముంచి దాస్తారు. లిథియం సాంద్రత 0.53 మాత్రమే కాబట్టి అది కిరోసిన్ మీద తేలుతుంది, పైకి కనిపించే భాగం నల్లబడిపోతుంది. పాతబడిన పొటాషియం మీద సూపరాక్సైడ్ (ఆక్సిజన్ ఎక్కువగా ఉండే ఆక్సైడ్) పొర కడుతుంది, దాన్ని కత్తితో కోస్తే పేలే ప్రమాదం ఉంది. రుబీడియం, సీజియం గాలి తగిలితేనే అంటుకుంటాయి. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కాబట్టి ఈ వరసలో లోహాలు వద్దనుకున్నాను. లిథియం గడిలో విప్పని సీఆర్ 2032 బటన్ సెల్ ఉంది. పిల్లలు మింగితే అదీ ప్రాణాంతకమే, అందుకే సీసా మూతని జిగురుతో అంటించేశాను. సోడియానికి కల్లుప్పు. పొటాషియానికి ఎరువుల కొట్లో దొరికే మ్యూరేట్ ఆఫ్ పొటాష్. మాది గుంటూరు, ఇక్కడ పొటాష్ కావాలంటే ఎవరూ వింతగా చూడరు.

గడుల మీద లిథియం నుంచి సీజియం దాకా కరిగే ఉష్ణోగ్రతలు రాసి అంటించాను: 180, 98, 63, 39, 28 డిగ్రీలు. కిందికి వెళ్ళేకొద్దీ లోహ బంధం ఎంత బలహీనపడుతోందో ఆ వరుస చూస్తే తెలుస్తుంది. మా ఊళ్ళో మే నెలలో సీజియం ద్రవంగానే ఉంటుంది.

ఈ రెండు గ్రూపుల్లో అసలు సరదా జ్వాలా పరీక్షలోనే ఉంది. పాడైన ఇస్త్రీపెట్టె కాయిల్‌లోని నిక్రోమ్ తీగని చిన్న కొక్కెంలా వంచి, తడిపి, లవణంలో అద్ది గ్యాస్ మంటలో పెడితే చాలు. సోడియం పసుపు, పొటాషియం లేత ఊదా, కాల్షియం ఇటుక ఎరుపు, బేరియం ఆపిల్ ఆకుపచ్చ. ఒక్క చిక్కుంది. చేతి చెమటలోని ఉప్పు తీగకి అంటినా పసుపు మంట వచ్చి మిగతా రంగుల్ని మింగేస్తుంది. పొటాషియం రంగు చూడాలంటే నీలి కోబాల్ట్ గాజు అడ్డం పెట్టుకోవాల్సిందే.

బేరియం గడిలో మంగంపేట బరైటీస్ రాయి పెట్టాను. రైల్వే కోడూరు దగ్గరున్న ఆ గని ప్రపంచంలోని అతిపెద్ద బరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదని బరువెక్కించడానికి ఈ పొడి కలుపుతారు. సాంద్రత 4.5 దాకా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే రాయికి ఇంత బరువేంటి అనిపిస్తుంది. ఇది బేరియం సల్ఫేట్, నీళ్ళలో కరగదు, అందుకే ఎక్స్‌రే తీసేముందు తాగించినా ఏమీ కాదు. నీళ్ళలో కరిగే బేరియం క్లోరైడ్ మాత్రం విషం. మూలకం ఒకటే అయినా, కరిగేదా కాదా అన్నదాని మీదే ప్రాణం ఆధారపడుతుంది. గడి మీద ఈ మాట ఎర్ర సిరాతో రాశాను.

పాత చిల్లర

3 నుంచి 12 వరకు పరివర్తన లోహాలు. వీటిలో ఇంట్లో దొరికేవి చాలా ఉన్నాయి కాబట్టి త్వరగా నిండాయి. రాగి తీగ, ఇనుప మేకు, వెండి పట్టీ ముక్క, పాత టార్చి సెల్ పైతొడుగు నుంచి జింక్. అదే సెల్ లోపలి నల్లపొడిలో మాంగనీస్ డయాక్సైడ్ ఉంటుంది, మధ్య కడ్డీ కార్బన్. ఒక్క సెల్‌తో మూడు గడులు నిండాయి.

నికెల్‌కి మాత్రం పాత నాణేల దుకాణానికి వెళ్ళాను. 1960లలో వచ్చిన 50 పైసల బిళ్ళలు శుద్ధ నికెల్‌వి, అయస్కాంతానికి అతుక్కుంటాయి. ఆ తర్వాత వచ్చిన కుప్రోనికెల్ బిళ్ళల్లో రాగి 75 శాతం, అవి అతుక్కోవు. ఇంకా తర్వాతి స్టెయిన్‌లెస్ స్టీలువి మళ్ళీ అతుక్కుంటాయి. కాబట్టి అయస్కాంతం ఒక్కటే చాలదు, బిళ్ళ మీద సంవత్సరం కూడా చూసి కొనాలి.

గ్రూపు 14

ఎక్కువ కాలం పట్టింది దీనికే, బాగా నచ్చింది కూడా ఇదే. ఒక గ్రూపులో ఉన్నవన్నీ ఒకేలా ఉంటాయన్న మాట ఇక్కడ సాగదు. పైన అలోహం, మధ్యలో అర్ధలోహాలు, కింద అచ్చమైన లోహాలు. నాలుగు బయటి ఎలక్ట్రాన్లు అన్నిటికీ ఉన్నాయి, కానీ వాటిని పట్టి ఉంచే బిగువు కిందికి పోయేకొద్దీ సడలుతుంది.

కార్బన్‌కి సెల్ కడ్డీ, సిలికాన్‌కి పగిలిన సోలార్ ప్యానెల్ పెచ్చు. జెర్మేనియం కోసం రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర పాత గాజు డయోడ్లు అడిగి తెచ్చుకున్నాను. గాజు తొడుగు ఉన్నంత మాత్రాన జెర్మేనియం అనుకోకూడదు, సిలికాన్ డయోడ్లూ అలాగే ఉంటాయి. మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి చూడాలి. 0.2, 0.3 వోల్టుల దగ్గర చూపిస్తే జెర్మేనియం, 0.6 దాటితే సిలికాన్. తెచ్చినవాటిలో ఎక్కువ భాగం సిలికానే అని తేలింది.

తగరం కళాయి పోసే ఆయన దగ్గర కొన్నాను. ఇత్తడి గిన్నెలకి కళాయి వేయించేవాళ్ళు తగ్గిపోయారు కానీ సరుకు ఇంకా దొరుకుతోంది. కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచితే చిటపటమని శబ్దం వస్తుంది. లోపలి స్ఫటికాల్లో కొంత భాగం అద్దంలో బొమ్మలా ఒక్కసారిగా దిశ మార్చుకునే చప్పుడది. సీసం ఎక్కువగా కలిసిన కడ్డీ అలా పలకదు, కొనేటప్పుడు ఈ పరీక్ష బాగా పనికొచ్చింది. 13 డిగ్రీల కన్నా చల్లబడితే తెల్ల తగరం మెల్లగా బూడిదరంగు పొడిగా మారగలదు. గుంటూరులో ఆ బెంగ లేదు.

సీసానికి చేపల వలకి కట్టే గుండు పెట్టాను. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కార్బన్ 4 సంయోజకతతో (బంధాలకి నాలుగు ఎలక్ట్రాన్లూ వాడుకుంటూ) సుఖంగా ఉంటుంది. సీసానికి 2 అంటేనే ఇష్టం, 4 స్థితిలో ఉంటే కిందికి దిగాలని చూస్తుంది. కారు బ్యాటరీలోని లెడ్ డయాక్సైడ్ కరెంటు ఇవ్వడానికి ఆ ఆత్రం కూడా ఒక కారణం.

హాలోజన్లు, జడ వాయువులు

ఫ్లోరిన్ గడిలో ప్లంబర్లు పైపు మరలకి చుట్టే టెఫ్లాన్ టేపు, క్లోరిన్‌కి పీవీసీ పైపు ముక్క. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే. బ్లీచింగ్ పౌడర్ పెడదామనుకుని మానేశాను, అది వదిలే వాయువు పక్క గడుల్లోని లోహాల్ని తినేస్తుంది. టెఫ్లాన్‌లో దేనికీ చలించని ఫ్లోరిన్ నల్గొండ నీళ్ళలో ఫ్లోరైడ్‌గా ఎముకల్ని వంచింది. పటిక, సున్నం కలిపి ఆ నీటిని శుద్ధిచేసే పద్ధతికి నల్గొండ పేరే స్థిరపడింది.

అయోడిన్ స్ఫటికాలు ఉన్నాయి కానీ ట్రేలో లేవు. మామూలు ప్లాస్టిక్ మూతలోంచి ఊదారంగు ఆవిరి బయటికొచ్చేస్తుంది. టెఫ్లాన్ లైనర్ మూత ఉన్న గాజు సీసాలో వేసి, దాన్ని ఇంకో సీసాలో పెట్టి వేరే గదిలో ఉంచాను. బ్రోమిన్ కొనను.

నియాన్‌కి కరెంటు టెస్టర్‌లోని చిన్న బల్బు చాలు, ఆ నారింజ వెలుగు నియాన్‌దే. హీలియం బెలూన్‌లోనే నిలవదు, ఇక సీసాలో పెట్టి ఏం లాభం. దాని గడిలో ఒక వర్ణపటం బొమ్మ అంటించాను. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మా గుంటూరుకే వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. ఆ గ్రహణంలో సూర్యకాంతి వర్ణపటంలో కనిపించిన పసుపు గీత హీలియంది, కానీ చూసినవాళ్ళలో కొందరు సోడియందే అనుకున్నారు. సోడియం గీతలు 589 నానోమీటర్ల దగ్గర, హీలియంది 587.5 దగ్గర ఉంటాయి మరి. కాంతిని రంగులుగా విడదీసి చూడడానికి సీడీ ముక్కతో నేను చేసుకున్న స్పెక్ట్రోస్కోప్‌కి ఈ తేడా అందదు. భూమ్మీద హీలియాన్ని రసాయన శాస్త్రవేత్త రామ్సే పట్టుకునేసరికి 1895 వచ్చింది.

గ్రూపు 13, ముందున్న పని

అల్యూమినియంకి పాత 10 పైసల బిళ్ళ వేశాను. సరిగ్గా దాని కింది గడి గాలియంది, గొడవంతా అక్కడే. ద్రవ గాలియం బొట్టు తగిలితే అల్యూమినియం లోపలి స్ఫటికాల అతుకుల్లోకి దిగిపోతుంది, ఆ తర్వాత బిళ్ళ వేళ్ళ మధ్యే పొడి అవుతుంది. పైగా గాలియం 29.8 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి మా ఇంట్లో ఏడాదిలో చాలా నెలలు ద్రవమే. గాజుకి అంటుకుంటుంది, అందుకని పాలిథీన్ సీసా వాడుతున్నాను. గడ్డకట్టేటప్పుడు 3 శాతం దాకా వ్యాకోచిస్తుంది కాబట్టి సీసాలో కొంత ఖాళీ వదిలాను. ఆ సీసా చుట్టూ ఇంకో డబ్బా.

డిసెంబరు రాత్రుల్లో స్ఫటికం పెంచాలని చూస్తున్నాను. గది చల్లబడినా గాలియం మొండిగా ద్రవంగానే ఉండిపోతుంది, దానికి విత్తనం కావాలి. ఒక చిన్న బొట్టుని ఫ్రిజ్‌లో గడ్డకట్టించి మిగతా ద్రవంలో వేసి, సగం గట్టిపడ్డాక పైన ఉన్నది ఒంపేయాలి. బిస్మత్ స్ఫటికాలకీ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ స్టవ్ మీద 271 డిగ్రీలు దాటించాలి. అది వంటింట్లో చెయ్యొద్దని ఇంట్లో గట్టిగా చెప్పారు, కాబట్టి డాబా మీదికి ఒక ఇండక్షన్ స్టవ్, పనికిరాని స్టీలు గిన్నె సిద్ధం చేసుకుంటున్నాను.