ఎక్స్ చోట పది పెట్టి చూశాక

పదో తరగతి లెక్కల్లో తప్పి చదువు మానేసిన పదహారేళ్లకు, ఓపెన్ స్కూల్లో మళ్లీ ఫీజు కట్టాను. అనంతపురం పాతూరులో మా ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. తెలుగు, సోషల్ రాత్రిళ్లు చదువుకుంటే వచ్చేశాయి. బహుపదుల భాగహారం దగ్గర మాత్రం మూడు వారాలు ఆగిపోయాను. పుస్తకం తెరిస్తేనే టెన్షన్.

అసలు చిక్కు అంతకు ముందు పాఠంలోనే ఉంది. గుణిస్తే ఘాతాంకాలు కూడాలి, భాగిస్తే తీసేయాలి అని చిన్నప్పుడు బట్టీ పట్టాను. ఎందుకో ఎవరినీ అడగలేదు. పక్కింట్లో బీఎస్సీ మ్యాథ్స్ చదివే అమ్మాయి ఆ సూత్రాలు కాసేపు మూసిపెట్టమంది. "ఎక్స్⁵ అంటే ఐదు ఎక్స్‌లు వరసగా రాయక్కా. కింద రెండు రాయి. కొట్టేసుకుంటా పో." మూడు మిగిలాయి. సున్నా కాని ఏ సంఖ్యకైనా సున్నా ఘాతం 1 ఎందుకవుతుందో కూడా ఆ రోజే తెలిసింది. 2³ ఎనిమిది, 2² నాలుగు, 2¹ రెండు. మెట్టు దిగినప్పుడల్లా సగమవుతోంది. తర్వాతి మెట్టు 1 కాక ఇంకేమవుతుంది? ఇంకో మెట్టు దిగితే అర. మైనస్ ఘాతమంటే అంతే.

ఇక నన్ను ఏడిపించిన లెక్క: ఎక్స్³ − 3ఎక్స్ + 5 ని ఎక్స్ − 2 తో భాగించాలి. చేసిన ప్రతిసారీ వేరే జవాబు వచ్చేది. కటింగ్ బల్ల మీద మార్కింగ్ చాక్‌తో వేసి చూపించాను. ఆ అమ్మాయి భాజ్యాన్నే చూస్తూ, "ఎక్స్ స్క్వేర్ ఏదక్కా?" అంది. లేదుగా అన్నాను. "లేకున్నా దాని చోటు ఉంచాల. 1005లో వందలూ పదులూ లేవని 15 అని రాస్తామా?"

నా తప్పంతా అక్కడే. చోటు వదలకపోవడంతో ఎక్స్²ల కింద ఎక్స్‌లు వచ్చి కలిసిపోతున్నాయి. ఈసారి ఎక్స్³ + 0ఎక్స్² − 3ఎక్స్ + 5 అని రాశాను. ఎక్స్³ ని ఎక్స్‌తో భాగిస్తే ఎక్స్². దాంతో భాజకాన్ని గుణిస్తే ఎక్స్³ − 2ఎక్స్². ఇప్పుడు తీసేయాలి. సున్నాలోంచి మైనస్ రెండు తీస్తే ప్లస్ రెండు. ఇక్కడ గుర్తు మార్చడం పదిసార్లైనా మరిచిపోయుంటాను. బ్రహ్మగుప్తుడు 628లోనే ధనం, ఋణం అన్న మాటలతో ఈ నియమం చెప్పాడట. సున్నాలోంచి అప్పును తీసేస్తే ధనమవుతుంది. అప్పు అనుకుంటే నాకు వెంటనే పట్టుబడింది. ఇప్పటికీ ప్రతి అడుగులోనూ కింది వరస గుర్తులు ముందే మార్చి రాసుకుని, ఆ తర్వాతే కూడతాను.

2ఎక్స్² − 3ఎక్స్ మిగిలింది. భాగఫలంలో 2ఎక్స్ వేస్తే ఎక్స్ + 5 మిగిలింది. ఇంకో 1 వేస్తే శేషం 7. భాగఫలం ఎక్స్² + 2ఎక్స్ + 1.

సరైందో కాదో ఎలా తెలుస్తుంది? "ఎక్స్ చోట 10 పెట్టు" అంది. భాజ్యం 1000 − 30 + 5, అంటే 975. భాజకం 8. 975ని 8తో భాగిస్తే 121, శేషం 7. భాగఫలంలో 10 పెట్టినా 121! నాలుగో తరగతిలో వేసిన భాగహారమే ఇది, అంకెల బదులు ఎక్స్‌లు. చాక్ చేతిలో పట్టుకుని ఆ బల్ల వైపే చాలాసేపు చూశాను. భాగఫలంలో మైనస్‌లు ఉంటే అంకెలు ఇంత పొందిగ్గా కనబడవు. అప్పుడు భాజకంతో గుణించి శేషం కలిపి చూస్తాను, భాజ్యం విలువ రావాలి.

శేషం మాత్రమే అడిగితే ఇంత భాగహారం అక్కర్లేదు. ఎక్స్ − 2 సున్నా అయ్యేది ఎక్స్ 2 అయినప్పుడు. ఆ 2 పెడితే 8 − 6 + 5, మళ్లీ 7. శేష సిద్ధాంతమంటే ఇదే. పేరు విని భయపడిందానికి ఒక్క వరసలో అయిపోయింది.

పరీక్ష పాసయ్యాను. అయినా కుట్టు పని లేని మధ్యాహ్నాలు బల్ల మీద లెక్క వేస్తూనే ఉంటాను. నిన్న ఎక్స్⁴ − 1 ని ఎక్స్ − 1 తో భాగించాను. మధ్యలో మూడు సున్నాలు పెట్టాలి. ఎక్స్³ + ఎక్స్² + ఎక్స్ + 1 వచ్చింది, శేషం లేదు. వెంటనే 10 పెట్టి చూశాను. 9999ని 9తో భాగిస్తే 1111.