మనవడి గిన్నెలో ముద్ద ఎంత చిక్కగా ఉండాలి

బుధవారం, రాత్రి తొమ్మిదిన్నర. హనుమకొండ.

మనవడికి తొమ్మిది నెలలు నిండాయి. ఉదయం ఆరోగ్య ఉపకేంద్రానికి తీసుకువెళ్లి తట్టు-రుబెల్లా టీకా వేయించి, దానితోపాటు ఇచ్చే లక్ష యూనిట్ల విటమిన్ ఎ మందు కూడా తాగించి వచ్చాము. టీకా వేసిన నర్సమ్మ వాడి బరువు ఎనిమిది కిలోలని కార్డులో రాసుకుని, "అమ్మా, బాబుకు పెట్టేది ఎంత చిక్కగా ఉంటోంది?" అని అడిగింది. ఏం పెడుతున్నారని అందరూ అడుగుతారు గానీ చిక్కదనం గురించి నన్ను ఎవరూ అడగలేదు. పసిపిల్లల తిండి విషయంలో ముందుగా అడగవలసిన ప్రశ్న అదేనని నాకు రోజంతా అనిపిస్తూనే ఉంది.

ఈ వయసులో పిల్లల పొట్ట కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు మాత్రమే పడుతుంది. అంటే మా వాడికి ఒక్క పూటకు పావు లీటరు కూడా పట్టదు. తల్లిపాలు కాక పైతిండి నుంచి ఆరు నెలలు నిండిన బిడ్డకు రోజుకు సుమారు 200 కేలరీలు, తొమ్మిది నెలలు నిండాక 300, ఏడాది దాటాక 550 వరకు అందాలి. అంత చిన్న పొట్టలోకి ఇంత బలం చేరాలంటే ప్రతి చెంచాకూ విలువ ఉంటుంది. పప్పు మీద తేరిన కట్టు, గంజి, పలచటి జావ తాగిస్తే పిల్లవాడు కడుపు నిండి నిద్రపోతాడు, మనకూ తృప్తిగా ఉంటుంది, కానీ వాడికి దక్కింది చాలావరకు నీళ్లే. చెంచా వంచినప్పుడు జారిపోకుండా నిలిచేటంత చిక్కగా ఉండాలని నర్సమ్మ చెప్పింది. అంగన్‌వాడీలో నెలకు ఇచ్చే 2.5 కిలోల బాలామృతాన్ని కూడా నీళ్లలో కలిపి తాగించకుండా ముద్దగా చేసి పెట్టమన్నది. గోధుమ, శనగపప్పు, పాలపొడి వంటివి వేసి తయారుచేసిన ఆ పిండిలోని బలం నీళ్లు ఎక్కువైన కొద్దీ పలచబడిపోతుంది కదా.

అయితే చిక్కటి జావ మింగడానికి పిల్లలు ఇబ్బంది పడతారన్నదీ నిజమే, ఇంట్లో పలచబరిచేదీ ఆ భయంతోనే. ఇందుకు మొలకెత్తిన రాగుల పిండికి మించిన ఉపాయం నాకు తెలియదు. రాగులను రాత్రంతా నానబెట్టి, నీరు వార్చి, తడిగుడ్డలో మూట కట్టి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో తెల్లని మొలకలు వస్తాయి. వాటిని ఆరబోసి, మొలకలు నలిపి చెరిగి, సన్నని సెగ మీద కొద్దిగానే వేయించి పిండి పట్టించాలి. గింజ మొలకెత్తేటప్పుడు దానిలో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది. బాగా వేయిస్తే అది నశిస్తుంది, అందుకే మాడనివ్వకూడదు. గరిటె నిలబడేటంత చిక్కగా కాచిన జావను దింపి, కాస్త వేడి తగ్గాక అర చెంచా మొలకపిండి కలిపితే, పిండిపదార్థం విరిగి, నీళ్లు పోయకుండానే చూస్తూ ఉండగా జారుడుగా మారుతుంది. మళ్లీ ఒక్క పొంగు రానిచ్చి, ఒక చెంచా నెయ్యి వేస్తే ఇంకో 45 కేలరీలు కలుస్తాయి. బలం తగ్గకుండా మింగడం తేలికవుతుంది. ఎముకలకు కావలసిన కాల్షియం రాగుల్లో ఎంతో ఉండనే ఉంది.

మా అమ్మాయిని కన్నప్పుడు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పైతిండి మొదలుపెట్టమని డాక్టర్లే చెప్పేవారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని తీర్మానించింది. మంచినీళ్లు కూడా అవసరం లేదు, ఎండాకాలంలోనైనా సరే. మనవడికి ఆనవాయితీ ప్రకారం ఆరో నెలలో, అంటే అయిదు నెలలు నిండాక, అన్నప్రాశన చేసి పరమాన్నం పెదవులకు తాకించి ఊరుకున్నాము. అసలు ఉగ్గు పెట్టింది ఆరు నెలలు నిండాకనే. బియ్యం, పెసరపప్పు కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి, కొంచెం వాముతో కలిపి విసిరిన పిండి అది. మొదట రెండు మూడు చెంచాలు, తరువాత క్రమంగా అరకప్పు వరకు వచ్చింది.

ఇప్పుడు మెత్తదనం కూడా తగ్గించవలసిన సమయం వచ్చింది. అన్నం, పప్పు, ఆకుకూర కలిపి ఉడికించి మిక్సీలో వేయడం నేటితో మానేశాను. చేత్తో మెదిపి చిన్న చిన్న పలుకులు ఉండనిస్తున్నాను. తొమ్మిది పది నెలలు వచ్చినా పలుకు తగలని పిల్లలు తరువాత నమలడానికి ఇష్టపడరు, నాలుగేళ్లు వచ్చినా ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చునేవారిని మా బంధువుల్లోనే చూశాను. మధ్యాహ్నం ఉడికిన క్యారెట్ ముక్కను వాడి చేతికే ఇచ్చాను. కొరికి, ఉమ్మి, మళ్లీ కొరికి, చివరకు మింగాడు. పల్లీలు, శనగలు, కోయని ద్రాక్షపళ్లు మాత్రం గొంతుకు అడ్డుపడతాయి కనుక వాడికి అందే చోట ఉంచడం లేదు.

సాయంత్రం మా తోడికోడలు ఫోన్ చేసి, "అక్కా, పాలలో బిస్కెట్టు నానబెట్టి పెట్టరాదూ, తేలికగా తింటాడు" అన్నది. ప్రేమతోనే చెప్పింది, కానీ ఆ మైదా, చక్కెరలతో కడుపు నింపడానికి నా మనసు ఒప్పుకోలేదు. ఈ వయసులో ముఖ్యంగా కావలసింది ఇనుము. పుట్టుకతో తెచ్చుకున్న నిల్వలు ఆరు నెలలకు తరిగిపోతాయి, తల్లిపాలలో అది తక్కువ, ఆవుపాలలోనూ తక్కువే. అందుకే ఏడాది లోపు ఆవుపాలు ప్రధాన ఆహారం కాకూడదంటారు. వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ వేస్తున్నాము. పప్పులో తోటకూర వేసినప్పుడు రెండు చుక్కలు నిమ్మరసం పిండుతున్నాను, ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి అది తోడ్పడుతుంది. ఉప్పు, చక్కెర వేయడం లేదు. తేనె నాకించే ఆచారాన్ని ఏడాది నిండేదాకా ఆపమని తోడికోడలికీ గట్టిగా చెప్పాను. తేనెలో ఉండగల బొట్యులినమ్ బీజాలు పసివారి పేగుల్లో పెరిగి, నరాలను చచ్చుబరిచే విషాన్ని తయారుచేస్తాయి.

ప్రసూతి సెలవు 26 వారాలు ముగియగానే, అంటే సరిగ్గా పైతిండి మొదలయ్యే వేళకే, అమ్మాయి ఉద్యోగానికి వెళ్లవలసి వచ్చింది. పొద్దున పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి వెళుతుంది, నేను ఉగ్గుగిన్నెతో పడతాను. రాత్రి వచ్చి, కాళ్లు చేతులు కడుక్కుని వాడిని ఒడిలోకి తీసుకుంటూ, "అమ్మా, ఇంత తింటున్నాడు కదా, ఇంకా నా పాలు అవసరమేనా?" అని అడిగింది. రెండేళ్లు నిండేవరకు, ఆపైన కూడా ఇవ్వవచ్చనీ, ఈ వయసులో వాడికి సగం బలం ఇంకా వాటి నుంచే వస్తోందనీ చెప్పాను. ఆ మాటకు దాని ముఖం విప్పారింది.

రేపటి నుంచి మూడు పూటలు తిండి, మధ్యలో ఒకసారి అరటిపండు లేదా ఇడ్లీ ముక్క. గట్టిగా ఉడికించిన గుడ్డు మొదటిసారి ఉదయం పూటే కొంచెం పెట్టి, ఒంటి మీద దద్దురు ఏమైనా వస్తుందేమో పగలంతా చూడాలి. రాగులు నానబోశాను, ఉదయం లేవగానే మూట కట్టాలి.