పీటర్ పాన్ ఇప్పుడు ఎవరిది?

పీటర్ పాన్ అనే ఇంగ్లిష్ పిల్లల కథని తెలుగులో రాసుకోవాలంటే ఎవరి పర్మిషనైనా కావాలా? అక్కర్లేదండీ, రాసిన జేమ్స్ బ్యారీ 1937లోనే పోయారు, మన దగ్గర రచయిత పోయాక 60 ఏళ్ల వరకే కాపీరైట్ కాబట్టి ఇక్కడ అది ఎప్పుడో అయిపోయింది. కొత్త ఎడిషన్లలో బొమ్మలకి మాత్రం వేరే హక్కులు ఉండొచ్చు, అవి వాడకండి.

బ్రిటన్‌లో సంగతి వేరు. బ్యారీ 1929లోనే పీటర్ పాన్ హక్కుల్ని లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రికి ఇచ్చేశారు, 1987 చివర్లో గడువు తీరిపోతే అక్కడి పార్లమెంటు 1988 చట్టంలో దీనికోసమే ఓ సెక్షన్ పెట్టి, ఆ దేశంలో నాటకం వేసినా పుస్తకం అమ్మినా ఆస్పత్రికి ఎప్పటికీ రాయల్టీ వెళ్లేలా చేసింది. వెయ్యొద్దు అని ఆపే హక్కు లేదు, డబ్బు మాత్రమే. జబ్బు పడ్డ పిల్లలకి ఇలా ఒక కథ ఆసరా అవ్వడం నాకు ఎంత నచ్చిందో!