నాన్న ఇచ్చిన రెండు ట్యూబుల రక్తం

అబిరాటెరోన్ అనే హార్మోన్ మందు వేసుకుంటుండగానే నాన్న పీఎస్‌ఏ (ప్రోస్టేట్ జబ్బు జోరును చూపే రక్తపరీక్ష అంకె) మూడు నెలల్లో 6 నుంచి 41కి ఎగబాకింది. ప్రోస్టేట్ నుంచి ఎముకలకు పాకిన క్యాన్సర్ ఇక ఆ మందుకు లొంగడం లేదు. పీఎస్‌ఏ అంతవరకే చెబుతుంది. తర్వాత ఏ మందు వాడాలో చెప్పదు.

మళ్లీ ఎముకలోంచి ముక్క తీస్తారేమోనని నాకు భయం. డాక్టరుగారు మాత్రం ముందు రక్తంతో చూద్దామన్నారు. క్యాన్సర్ కణాలు చచ్చేటప్పుడు వాటి డీఎన్ఏ తునకలు రక్తంలో కలుస్తాయట, వాటిలో ఏ జన్యువు మారిందో వెతుకుతారట. అవి దొరక్కపోతే మార్పు లేదని కాదు, అప్పుడు ముక్క తీయక తప్పదు అని కూడా ముందే చెప్పారు. ఆ మాట దాచనందుకు ఆయనకు దండం పెట్టాలనిపించింది.

దొరికింది. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం. డీఎన్ఏను సరిచేసుకునే దారి ఒకటి అప్పటికే పాడైన కణాలకు ఒలాపరిబ్ అనే మందు రెండో దారీ మూసేస్తుంది. 2020లో వెలువడిన ప్రొఫౌండ్ ట్రయల్‌లో ఇలాంటి లోపాలుండి ఒలాపరిబ్ వాడినవారిలో జబ్బు ముదరకుండా మధ్యస్థంగా 7.4 నెలలు ఆగింది, మరో హార్మోన్ మందుకు మారినవారిలో 3.6 నెలలే. చిన్న అంకెలే కావచ్చు. మా ఇంట్లో ఒక్కో నెలా ఒక పండగే.

నాన్నకు ఒలాపరిబ్ మొదలుపెట్టాక ఇప్పుడు పీఎస్‌ఏ 9. హిమోగ్లోబిన్ తగ్గింది, ఒకసారి రక్తం ఎక్కించారు.

ఈ లోపం పుట్టుకతో వచ్చిందేనని మరో పరీక్షలో తేలింది. అంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం, ఆడపిల్లనైన నాకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు. అది విని నాన్న "నీకు నేనిచ్చింది ఇదా అమ్మా" అని ఏడ్చాడు. తన జబ్బుకి ఒక్కసారీ ఏడవని మనిషి.

అన్నయ్య నిన్న ఆ పరీక్షకు రక్తం ఇచ్చొచ్చాడు. నేను శుక్రవారం వెళ్తున్నా.