ఒకే పానవట్టం మీద యముడు, శివుడు

మహారాష్ట్రల ఉన్న మా సిరోంచోళ్ళకు తెలంగాణల ఉన్న కాళేశ్వరం పక్క రాష్ట్రం గుడి అనిపించదు, గోదారి మీద బ్రిడ్జి దాటితే అయిపాయె. గర్భగుడిల ఒకటే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాళేశ్వరుడు అంటే యముడు, ఇంకోటి ముక్తీశ్వరుడు శివుడు. పూజ ముందు యమునికే, తర్వాతనే శివునికి.

ప్రాణం తీసేటోన్ని, ముక్తి ఇచ్చేటోన్ని ఒక్క పీఠం మీదనే కూసోబెట్టిండ్రు చూడుండ్రి. మంచంతా దేవుడు చేసిండు, చెడు ఇంకెవడో తెచ్చి కలిపిండు అనుకుంటే మనసుకు సుఖమే, దేవుని మీద నింద పడదు. మరి ఆ ఇంకెవన్ని ఎవరు పుట్టిచ్చిండ్రు?

వేదాంతానికి మూలమైన బ్రహ్మసూత్రాల్ల (2.1.34) ఈ నిందని సీదా ఎత్తుకున్నరు: "వైషమ్యనైర్ఘృణ్యే న సాపేక్షత్వాత్ తథా హి దర్శయతి". ఒకన్ని సుఖంల ఒకన్ని కష్టంల పుట్టిస్తే దేవునికి పక్షపాతం, దయలేనితనం ఉన్నట్టే కదా అంటే, లేదు, జీవుల కర్మని బట్టే సృష్టి అని జవాబు. దాని భాష్యంల ఆది శంకరులు వానని ఉదాహరణగ చూపించిండ్రు, వరికైనా యవలకైనా వాన ఒక్కటే, మొలిచేది విత్తనాన్ని బట్టి. మరి మొట్టమొదటి కర్మ ఎక్కడిది అంటే, సంసారానికి మొదలే లేదని తర్వాతి సూత్రం. తర్కం గట్టిదే, కానీ నాకైతే ప్రశ్నని ఇంకింత వెనక్కి నూకినట్టే అనిపిస్తది.

2022 జులైల గోదారి పొంగి మా దిక్కు పత్తి చేన్లు మునిగినయి. నీళ్ళు తీసినంక మొక్కలు బురద పట్టి నల్లగై పడుకున్నయి, తలాఠీ (ఊరి రెవెన్యూ ఆఫీసరు) వచ్చి పంచనామా రాసుకుంటుండు. అప్పుడే ఒక పెద్దమనిషి "అంతా పూర్వజన్మ కర్మ" అన్నడు. చేను గల్ల ముసలవ్వ ఒక్కటే అడిగింది, "మరి మిట్ట మీది చేనోడు ఏం పుణ్యం చేసిండు బిడ్డా?" పెద్దమనిషి గమ్మునున్నడు. ఆ సూత్రం దేవుని మీద నింద తీసేటందుకు చెప్పింది, మునిగినోని గట్టు మీద నిలబడి వాని పాపం లెక్క చదివేటందుకు కాదు.

క్షీరసాగర మథనంల గూడ అమృతం కోసం చిలికితే ముందుగాల హాలాహలమే వచ్చింది. శివుడు ఎవరి తప్పని పంచాయితీ పెట్టలే, మింగిండు. పోతన పద్యం అందరికీ నోటికొచ్చేదే:

మ్రింగెడువాఁడు విభుం డని
మ్రింగెడిదియు గరళ మనియు మే లని ప్రజకున్
మ్రింగు మనె సర్వమంగళ
మంగళసూత్రంబు నెంత మది నమ్మినదో!

అందరం మంగళసూత్రం కాడ ఆగుతం గానీ నాకు "మే లని ప్రజకున్", అంటే జనానికి మేలని, అన్న కాడనే గుండె పడ్తది. అట్లని విషం పూర్తిగ పోయిందా అంటే అదీ లేదు, శివుని చేతిల నుంచి జారిన కొంచెం పాములు, తేళ్ళు, విషపు చెట్లు పట్టుకున్నయని భాగవతంలనే ఉంది. శుకుడు చెప్తుంటే వింటున్న పరీక్షిత్తేమో తక్షకుడనే పాము కాటుకే రోజులు లెక్కపెట్టుకుంటున్నోడు, ఆ జారిందాన్ని స్వామి ఎందుకు ఆపలేదని మాత్రం అడగలే, తర్వాతి కథ విన్నడు.