ఇవాళ ఎరుపు

జనవరి రెండో శుక్రవారం. ఫ్రాన్స్ నడిబొడ్డున, ఓత్-వియెన్ జిల్లాలో పన్నెండు గడపల పల్లె.

పొద్దున ఏడింటికి బయట మైనస్ 6. చిమ్మచీకటి. ఈ నెలలో ఇక్కడ ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యుడు మొహం చూపించడు. లండన్‌కి ఇంత దక్షిణాన ఉన్నాం, ముందే తెల్లారాలి కదా అనుకుంటారు కొత్తగా దిగిన బ్రిటిష్ జంటలు. ఏం లాభం, ఫ్రాన్స్ గడియారం నడిచేది బెర్లిన్‌తో.

ఫ్రిజ్ మీద ఎర్ర అయస్కాంతం. అంటే ఇవాళ కరెంటు ఎరుపు.

ఇంటి కరెంటు ఒప్పందం పేరు టెంపో, రోజు రంగుని బట్టి ధర. ఏడాదిలో 300 రోజులు నీలం, 43 తెలుపు, 22 ఎరుపు. ఈ దేశపు జెండా రంగులే. ఎరుపు నవంబరు 1కీ మార్చి 31కీ మధ్యే పడుతుంది. శని, ఆదివారాల్లోనూ ప్రభుత్వ సెలవుల్లోనూ పడదు. వరసగా అయిదు రోజులకు మించదు. రేపటి రంగేమిటో ఇవాళ పదకొండు గంటల ప్రాంతంలో తెలిసిపోతుంది. రోజు మొదలయ్యేది అర్ధరాత్రి కాదు, పొద్దున ఆరింటికి. ఎరుపు రోజున ఆరు నుంచి రాత్రి పది దాకా యూనిట్ అర యూరో పైమాటే, నీలం రోజు పగటి ధరకి నాలుగింతలకు పైగా. పది దాటితే మళ్లీ మామూలు ధరే. రంగు నిర్ణయించేది గ్రిడ్ నడిపే ఆర్‌టీఈ. ఇక్కడ చాలా ఇళ్లలో కరెంటు హీటర్లే గనక, చలికాలంలో ఒక్క డిగ్రీ తగ్గితే దేశం మొత్తం మీద సుమారు 2,400 మెగావాట్లు ఎక్కువ కావాలి. అందుకే ఎరుపు సరిగ్గా ఒళ్లు కొంకర్లు పోయే రోజునే వచ్చి కూర్చుంటుంది.

ఎరుపు అనగానే కొందరు టీ మానేస్తారు. అది వట్టి పిచ్చి. లీటరు నీళ్లు మరిగించడానికి కెటిల్ తాగేది యూనిట్‌లో పదో వంతు చిల్లర, అంటే ఏడెనిమిది సెంట్లు. జేబు ఖాళీ చేసేవి వేరే. 1500 వాట్ల హీటరు పది గంటలు వెలిగితే 15 యూనిట్లు. 200 లీటర్ల గీజరు నీళ్లని 10 డిగ్రీల నుంచి 60కి తెస్తే 11 యూనిట్లు దాటుతుంది. కాబట్టి నిన్న రాత్రే పడగ్గది హీటరుని పైపులు గడ్డకట్టకుండా చూసే అట్టడుగు మెట్టుకి దించాం. ఫ్యూజుల పెట్టెలో గీజరు మీటకి మూడు స్థానాలుంటాయి: సున్నా, ఆటో, ఒకటి. ఆటోలో ఉంటే చౌక గంటల్లోనే కాగుతుంది. చుట్టాలొచ్చినప్పుడు వేణ్ణీళ్లు చాలక ఎవరో ఒకటికి తిప్పుతారు, గీజరు పట్టపగలు కాగుతుంది.

“ఏమండీ, గీజరు మీట ఆటోలోనే ఉందా?”

“నిన్ననే చూశాను. మళ్లీ చూడమంటావా?”

చూడమంటాను.

ఇల్లు వెచ్చబెట్టేది కట్టెల స్టవ్. రాతి గోడలు 70 సెంటీమీటర్ల మందం. ఇలాంటి గోడ ఒకసారి చల్లబడిందంటే రెండు మూడు రోజులు కాల్చినా వేడెక్కదు. అందుకే మంట పెద్దదిగా ఉండక్కర్లేదు, ఆరకుండా ఉంటే చాలు. హాల్లో 18 డిగ్రీలుంటే అది మంచి రోజు.

వెలిగించే పద్ధతి భోగిమంటకి తలకిందులు. రెండు లావు దుంగలు అడుగున, మధ్యలో ఖాళీ వదిలి. వాటిపైన అడ్డంగా సన్నవి. ఆ పైన వేలి లావు చితుకులు, అన్నిటికన్నా పైన మైనం పూసిన చెక్కతురుము ఉండ. నిప్పు పెట్టేది పైన. మంట మెల్లగా కిందికి దిగుతుంది, కింది కట్టె నుంచి లేచే పొగ పై మంటలోనే కాలిపోతుంది. కింది నుంచి వెలిగిస్తే చల్లటి పొగగొట్టంలోకి పచ్చి పొగ ఎక్కుతుంది, లేదా ఎక్కలేక గదిలోకి వస్తుంది. మొదటి పావుగంట గాలి మీటలు రెండూ పూర్తిగా తెరవాలి. దుంగలు అంటుకున్నాక కిందిది మూసి, పైది సగం ఉంచాలి. పై గాలే స్టవ్ తలుపు అద్దాన్ని మసి పట్టకుండా కడుగుతుంది. వంటింటి చిమ్నీ ఫ్యాను వేసి స్టవ్ తలుపు తీస్తే ఇల్లంతా పొగ. ఆ ఫ్యాను ఇంట్లోని గాలిని బయటికి లాగుతుంటే స్టవ్‌కి గాలెక్కడిది?

అన్నిటికన్నా చెడ్డ అలవాటు రాత్రి పడుకునేముందు పెద్ద దుంగ పడేసి గాలి పూర్తిగా బిగించడం. తెల్లారేదాకా నిప్పు ఉంటుంది, నిజమే. అద్దం మాత్రం నల్లబడుతుంది, గొట్టం లోపల తారు అట్టకడుతుంది. ఆ తారే ఒకరోజు భగ్గున అంటుకుంటుంది. గొట్టం శుభ్రం చేయించడం 2023 అక్టోబరు నుంచి ఏడాదికి కనీసం ఒకసారి తప్పనిసరి. ముళ్లపందిలా ఉండే బ్రష్‌ని ఇక్కడ ముళ్లపంది అనే అంటారు, ఎరిసోఁ అని. పని అయ్యాక ఇచ్చే కాగితాన్ని బీమా ఫైల్లో దాచాలి. ఇల్లు కాలితే బీమావాళ్లు మొదట అడిగేది దాన్నే. జులైలోనే చెప్పుకుంటే సెప్టెంబరుకి మనిషి దొరుకుతాడు. అక్టోబరులో ఫోన్ చేస్తే క్రిస్మస్ దాటుతుంది.

కట్టె సంగతి ఇంకా పెద్దది. ఇక్కడ కొలత స్తేర్. మీటరు పొడవు కట్టెలు మీటరు వెడల్పు, మీటరు ఎత్తు పేరిస్తే ఒక స్తేర్. అదే కట్టెని 50 సెంటీమీటర్ల ముక్కలు కోస్తే 0.8 ఘనపు మీటర్లలో సర్దుకుంటుంది, 33కి కోస్తే 0.7లో. కట్టె తగ్గలేదు, సందులు తగ్గాయి. ఇది తెలియక, డబ్బిచ్చినదాంట్లో మూడో వంతు ఎగ్గొట్టాడని ట్రాక్టరు మనిషితో గొడవపడే ఇంగ్లీషువాళ్లు ప్రతి శరదృతువులోనూ ఎవరో ఒకరుంటారు. ఇలాంటి ఇంటికి చలికాలానికి ఏడెనిమిది స్తేర్లు పడతాయి. ఓక్ మంచిది, హార్న్‌బీమ్ ఇంకా మంచిది. ఈ జిల్లాలో కావలసినంత దొరికే చెస్ట్‌నట్ చౌకే గానీ టపటపా పేలి నిప్పురవ్వలు ఎగజిమ్ముతుంది, అద్దం తలుపున్న స్టవ్‌లోనే వాడాలి.

ఓక్ ఆరడానికి రెండేళ్లు. ఇవాళ కాలుతున్నది రెండేళ్ల కింద చీల్చి పేర్చినది. తేమ చూసే చిన్న మీటరు ఉంటుంది, రెండు సూదులది. దాన్ని బెరడు మీద గుచ్చి 14 శాతం అని మురిసిపోకూడదు. దుంగని అప్పటికప్పుడు గొడ్డలితో చీల్చి, లోపలి కొత్త ముఖం మీద గుచ్చాలి. 20 లోపుంటే కాల్చొచ్చు. ఇవాళ చూసిన దుంగ 17. పక్క వరుసలోది 26. ఎందుకంటే ఆ వరుస మీద టార్పాలిన్‌ని పైనుంచి నేలదాకా కప్పేశాం, లోపల చెమ్మ పట్టి బూజు కూడా వచ్చింది. కప్పాల్సింది నెత్తి మాత్రమే. పక్కలకి గాలి ఆడాలి.

నిన్నటి బూడిద మూతున్న ఇనుప బకెట్‌లోకి. పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు కణిక రెండు రోజులు బతికుంటుంది, ప్లాస్టిక్ బకెట్ అయితే అంతే సంగతులు. తడి పాత పేపరుని ఆ బూడిదలోనే అద్ది అద్దం తుడిస్తే మసి పోతుంది, ఏ సీసా మందూ అక్కర్లేదు. మిగిలింది పెరట్లో పలచగా చల్లుతాం. ఇక్కడిది గ్రానైటు నేల, పులుపెక్కువ, బూడిద పడుతుంది.

తొమ్మిదింటికి స్టవ్ నెత్తిన పెద్ద గిన్నె ఎక్కింది. జనవరి అంటే బ్రిటిష్ ఇంట్లో మార్మలేడ్ నెల, అంటే తొక్కతో చేసే నారింజ జామ్. చేదు నారింజలు ఏడాదిలో ఈ కొద్ది వారాలే దొరుకుతాయి, ఇక్కడైతే ఆర్గానిక్ కొట్లో. కిలో కాయలు కడిగి, కొయ్యకుండా అలాగే రెండున్నర లీటర్ల నీళ్లలో వేసి, మూత పెట్టి రెండు గంటలు సన్నగా ఉడికించాలి. ఎరుపు రోజుకి ఇంతకన్నా మంచి పనిలేదు, ఈ రెండు గంటలకీ కరెంటు ఖర్చు సున్నా. తొక్కలోకి పుల్ల సులువుగా దిగాలి. ఇక్కడ తొందరపడితే మొత్తం పోతుంది: చక్కెర తగిలాక తొక్క ఇక మెత్తబడదు, ఎంత ఉడికించినా తోలులాగే ఉంటుంది.

చల్లారాక సగానికి కోసి, గింజలూ లోపలి తెల్ల గుజ్జూ గీకి పల్చటి గుడ్డలో మూట కట్టాలి. గట్టిపడే గుణమంతా ఆ మూటలోనే ఉంది. దాన్ని ఉడికిన నీళ్లలోనే మళ్లీ పావుగంట మరిగించి గట్టిగా పిండితే జిగురు దిగుతుంది. తొక్కల్ని సన్నగా తరిగి, ఆ నీళ్లూ ఒక నిమ్మకాయ రసమూ రెండు కిలోల చక్కెరా కలిపి, చక్కెర పూర్తిగా కరిగాకే పెద్ద మంట. పొంగుతుంది, గిన్నె సగానికి మించి నిండకూడదు. 104.5 డిగ్రీల దగ్గర దించాలి. థర్మామీటరు లేకపోతే చల్లటి సాసరు మీద చుక్క వేసి వేలితో తోస్తే ముడతపడాలి. తీగపాకం చూడ్డం వచ్చినవాళ్లకి ఇదొక లెక్కా. దించిన వెంటనే జాడీల్లో పోయకండి, తొక్కంతా పైకి తేలుతుంది. పావుగంట ఆగి, కలిపి పోస్తే సమంగా నిలుస్తుంది. ఫ్రెంచివాళ్లు జామ్‌కి వాడే రాగి గిన్నె ఎంత అందంగా ఉన్నా, కాయల్ని అందులో నానబెట్టొద్దు. పులుపుకి చిలుం పడుతుందని మన వంటిళ్లలో ఎవరికి తెలియదు!

చివరి ఆ ఇరవై నిమిషాలూ గ్యాస్ పొయ్యి మీద. సిలిండరు 13 కిలోల బ్యూటేన్, వంటింటి అల్మరాలోనే ఉంటుంది. చోటు లేదని దీన్ని బయట పెడితే సరిగ్గా ఇలాంటి పొద్దునే మంట చచ్చిపోతుంది. సున్నా దగ్గర బ్యూటేన్ ఆవిరి కావడం మానేస్తుంది, సిలిండరు బరువుగానే ఉంటుంది, గ్యాసు రాదు. బయట పెట్టాల్సింది ప్రొపేన్, అది మైనస్ 40లో కూడా వస్తుంది, కానీ దాన్ని ఇంట్లో పెట్టనివ్వరు. రెగ్యులేటర్లు కూడా వేరు, దీనికి 28 మిల్లీబార్లు, దానికి 37. బిగించే నట్టు ఎడమ చేతి వాటం, మామూలుగా తిప్పితే వదులవుతుంది. బిగించాక సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి.

మధ్యాహ్నం రెండు గంటలు ఎండ. దక్షిణం వైపు కిటికీల చెక్క రెక్కలు బార్లా తీశాం, ఉత్తరం వైపువి మూసే ఉంచాం. రోడ్డు పక్క గుంతలో నీళ్ల మీటరు చుట్టూ థర్మోకోల్ ముక్కలు ఎలా ఉన్నాయో చూశాం. గడ్డీ పాత గుడ్డలూ కుక్కేవాళ్లున్నారు. అవి తడి పీల్చుకుని మీటరుతో పాటే గడ్డకడతాయి.

రొట్టెల వ్యాను హారన్ కొట్టుకుంటూ వచ్చి వెళ్లింది. ఇంగ్లండ్ నుంచి ఎవరైనా వస్తున్నారంటే టీ పొడి తెమ్మనొచ్చు గానీ చెడ్డార్, బేకన్ అడక్కూడదు. బ్రెగ్జిట్ తర్వాత సామాన్లలో మాంసం, పాల పదార్థాలు తేనివ్వరు.

అయిదున్నరకి సూర్యుడు దిగగానే అన్ని రెక్కలూ మూసేశాం. ఈ ఒక్క పని పది నిమిషాలు ఆలస్యమైనా ఇల్లు చెప్పేస్తుంది.

ఆరున్నరకి ఊరి హాల్లో మేయరుగారి కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. ఏటా జనవరిలో ప్రతి ఊళ్లోనూ ఇదే తంతు: ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ రోడ్డు వేస్తారు, ఆ తర్వాత వైను, గలెత్. బాదం ముద్ద పెట్టిన పొరల రొట్టె అది, లోపల చిన్న పింగాణీ బొమ్మ ఒకటి దాస్తారు. అందరికన్నా చిన్న పిల్లో పిల్లాడో బల్ల కిందికి దూరి, ఏ ముక్క ఎవరికో అరిచి చెబుతారు. బొమ్మ వచ్చినవాళ్లకి అట్ట కిరీటం. ఈ హాల్లోని బ్రిటిష్‌వాళ్లు 2020 ముందు మేయరు ఎన్నికల్లో ఓటేసేవాళ్లు, ఇప్పుడు ఫ్రెంచి పౌరసత్వమో మరో యూరోపియన్ యూనియన్ దేశపు పౌరసత్వమో ఉన్నవాళ్లకే ఆ హక్కు. గలెత్ మాత్రం అందరికీ ఒకే సైజు ముక్క.

ఇంటికొచ్చేసరికి తొమ్మిది, స్టవ్‌లో నిప్పులు ఎర్రగానే ఉన్నాయి. ఒక చిన్న దుంగ, గాలి సగం.

పది కొట్టింది. గిన్నెల మెషీన్, బట్టల మెషీన్ రెండూ ఒకేసారి వేశాం. ఫ్యూజుల పెట్టెలో గీజరు మీట టక్కుమంది. ఎనిమిది జాడీలు బల్ల మీద, ఇంకా గోరువెచ్చగా. అయస్కాంతాన్ని తెలుపుకి తిప్పాను. రేపు శనివారం.